ఏ దేశమని రాయాలి?

తేజశ్రీ కాలికి మెట్టె లేదని శనివారం పొద్దున తెలిసింది.

పోయిందని ముందు చూసింది తేజశ్రీ కాదు, ఆమె అత్తగారు. కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్న కోడలి పాదం వైపు సీతాదేవి ఒకసారి చూసింది. చేతిలోని పెసరట్టు పళ్ళెం ఉన్నచోటనే బల్ల మీద పెట్టేసింది.

"ఏదీ?"

"ఏంటత్తయ్యా?"

"కుడికాలి మెట్టె ఏదీ అంటున్నాను."

తేజశ్రీ వంగి చూసుకుంది. వేలి చుట్టూ తెల్లటి గీత మాత్రం ఉంది.

"జారిపోయినట్టుందత్తయ్యా. నిన్న ఫార్మసీ నుంచి వచ్చాక సాక్సు విప్పాను కదా, అప్పుడు..."

"జారిపోయిందా, తీసేశావా?"

తేజశ్రీ కాలు కిందికి దించి చెప్పులో దూర్చింది. ఆ ఇంట్లో ఈమధ్య జవాబు చెప్పడం కంటే చెప్పకపోవడమే తేలిగ్గా ఉంటోంది.

సీతాదేవి గుమ్మం దగ్గర బూట్లన్నీ తిరగేసి దులిపింది. వాక్యూమ్ క్లీనర్ తెరిచి అందులోని దుమ్మంతా పాత పేపరు మీద పోసి వేళ్ళతో కెలికింది. తర్వాత డ్రైయర్ దగ్గరకు వెళ్ళి బట్టలు బయటికి లాగడం మొదలుపెట్టింది.

"అమ్మా, డ్రైయర్‌లో ఉంటే టింగ్ టింగ్ అని సౌండ్ వచ్చేది," అంది కూతురు అనన్య, మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటూ.

"నువ్వు మాట్లాడకు."

"ఓకే. ఐయామ్ జస్ట్ సేయింగ్."

"ఇది నవ్వులాట కాదే. ఐదోతనం."

"అమ్మా, వదిన పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ముందు తిననీ."

"తినొద్దని నేనన్నానా? తీసేయొద్దన్నాను."

"నేను తీయలేదత్తయ్యా," అంది తేజశ్రీ నెమ్మదిగా.

సీతాదేవి తువ్వాలు చేతిలో పట్టుకుని కోడలి ముఖంలోకి చూసింది. "ఒట్టు?"

తేజశ్రీ ఒట్టు వేసింది. ఆ ఒట్టు నిజమే. కాని పాదం మీద ఆ తెల్ల గీత చూసినప్పుడు మనసులో ఒక్క క్షణం ఏదో బరువు దిగినట్టయింది. ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పుకునేది కాదు.

భోజనాల బల్ల చివర మామగారు వీరరాఘవులు ఈ గొడవకు తల ఎత్తలేదు. కెనడాలోని కాల్గరీ బడుల్లో చాలాకాలం సోషల్ స్టడీస్ చెప్పి రిటైరైన మనిషి. ఆయన ముందు లాయరు పంపిన అర్జీ చిత్తుప్రతి ఉంది. పేరు, పుట్టిన తేదీ, వృత్తి, అన్నీ ఆయన గుండ్రటి అక్షరాలతో నిండాయి. మరణించిన దేశం అన్న గడి ఒక్కటీ ఖాళీగా ఉంది.

తేజశ్రీ భర్త శ్రీహర్ష డౌన్‌టౌన్‌లో ఆయిల్ కంపెనీలో జియాలజిస్టు. వారమంతా ఆఫీసు, శని ఆదివారాలు రాకీ పర్వతాల్లో గుహలు. తాళ్ళూ, హెల్మెట్టూ, మోకాళ్ళ దాకా బురద. పోయిన ఆగస్టులో లోకంలోకెల్లా లోతైన గుహలున్న కొండలకు స్నేహితులతో వెళ్ళాడు. పైన వాన పడింది, లోపల నీళ్ళు లేచాయి. మిగతావాళ్ళు పైకి వచ్చారు. శ్రీహర్షను నీళ్ళు లాక్కుపోవడం ఇద్దరు కళ్ళారా చూశారు. మనిషి దొరకలేదు.

బయలుదేరే ముందు తల్లికి జార్జియా దేశం వెళ్తున్నానని చెప్పాడు. అసలు వెళ్ళింది రష్యా వైపు నుంచి నది దాటి అబ్ఖాజియాకి. ఒకప్పుడు జార్జియా లోపల స్వయంప్రతిపత్తి ఉన్న ప్రాంతం అది. ముప్పై ఏళ్ళ కిందట యుద్ధం చేసి విడిపోయింది. తమది దేశమని అక్కడివాళ్ళంటారు. రష్యా, మరికొన్ని దేశాలు ఔనంటాయి. జార్జియా కాదంటుంది. కెనడా కూడా కాదంటుంది.

అబ్ఖాజియా రాజధాని సుఖూమిలోని ఆఫీసు శ్రీహర్ష చనిపోయాడని కాగితం ఇచ్చింది. తాము గుర్తించని ప్రభుత్వం ఇచ్చిన పత్రాన్ని తీసుకోలేమని ఒట్టావాలోని కెనడా ప్రభుత్వం నుంచి మర్యాదగా జవాబు వచ్చింది. జార్జియాను అడిగితే, ఆ పేరు గల మనిషి తమ దేశంలోకి వచ్చినట్టు ఎక్కడా నమోదు కాలేదన్నారు.

ఆ రెండు జవాబులనూ సీతాదేవి గట్టిగా పట్టుకుంది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం కోడలికి తన చేత్తోనే బొట్టు పెడుతోంది. ఒకరోజు తేజశ్రీ స్నానాల గదిలో నీళ్ళు వదిలి ఏడుస్తుంటే తలుపు తట్టి, "ఇంట్లో ఏడవకమ్మా, వాడికి మంచిది కాదు," అంది.

మధ్యాహ్నం చక్రధర్ వచ్చాడు.

"చినూక్ గాలి కదండీ, ఆ వేడికి మంచు కరిగి రోడ్లన్నీ బురదే," అంటూ గుమ్మంలో బూట్లు విప్పాడు. అక్కడ చెల్లాచెదురుగా పడివున్న చెప్పులు చూసి ఎక్కడ పెట్టాలో తోచక చేతిలోనే పట్టుకున్నాడు.

"ఎక్కడైనా పెట్టండి అంకుల్. ఇవాళ మా ఇల్లు క్రైమ్ సీన్," అంది అనన్య.

చక్రధర్ లాయరే గాని ఆ ఇంటికి అంతకంటే ముందు స్నేహితుడు. అతని పిల్లలిద్దరూ వీరరాఘవులు దగ్గర చదువుకున్నారు. టీ తాగి, చేగోడీ ఒకటి కొరికి, మిగతాది సాసర్లో పెట్టాడు.

"మాస్టారూ, మనకున్న దారి ఇక్కడి కోర్టే. మనిషి దొరక్కపోయినా, చనిపోయినట్టే భావించాలని జడ్జి ఆర్డర్ ఇవ్వచ్చు. అర్జీ మీ పేరున వేస్తున్నాం. దానికి తోడు అమ్మాయి అఫిడవిట్ కావాలి. తన భర్త చనిపోయాడని నమ్ముతున్నట్టు భార్యగా ప్రమాణం చెయ్యాలి. సోమవారం నా ఆఫీసులో చేసేద్దాం." తేజశ్రీ వైపు తిరిగాడు. "చేస్తావా అమ్మా?"

తేజశ్రీ నోరు తెరిచే లోపల సీతాదేవి అందుకుంది.

"దాన్నేం అడుగుతారు? నన్నడగండి."

"మిమ్మల్నీ అడగాలమ్మా. మీకు నోటీసు ఇవ్వాలి. అభ్యంతరం ఉంటే చెప్పుకునే హక్కు మీకుంది."

"అంటే, నా కొడుకు బతికే ఉన్నాడని నేను కోర్టులో చెప్పొచ్చా?"

చక్రధర్ వీరరాఘవులు ముఖంలోకి చూశాడు. అక్కడ సాయమేమీ దొరకలేదు.

"చెప్పొచ్చు," అన్నాడు.

కిటికీ బయట కప్పు మీద మంచు కరిగి గొట్టంలోంచి కారుతోంది.

"సీతా," అన్నాడు వీరరాఘవులు.

"ఏం తప్పన్నానండీ? పోయాడని చెప్పినవాళ్ళది దేశమే కాదని మన గవర్నమెంటే అంది. దేశమైనవాళ్ళు, వాడు మా గడపే తొక్కలేదన్నారు. ఇక పోయాడనేది ఎవరు? మీరు! పంతులుగారు కూడా ఏమన్నారు? శరీరం దొరకనప్పుడు పన్నెండేళ్ళు చూడాలన్నారు."

"లేదా దర్భలతో బొమ్మ చేసి దహనం చెయ్యచ్చని కూడా అన్నారు. ఆ ముక్క నువ్వు వినలేదు."

"వినను. నా కొడుకుని గడ్డితో చేస్తారా?"

అనన్య ఫోన్ పక్కన పెట్టేసింది. చక్రధర్ గొంతు సవరించుకుని కాగితాల వైపు మాట మళ్ళించాడు.

"మాస్టారూ, ఈ గడి వదిలేశారేం?"

"అక్కడేం రాయాలి?"

"జార్జియా అని. కెనడా దాన్ని ఏమని పిలుస్తుందో అదే రాయాలి. కోర్టు మనల్ని ఆ నేల ఎవరిదని అడగదు."

"అస్తమూర్‌కి మాట ఇచ్చాను."

అస్తమూర్ ఆ కొండల్లో వాళ్ళకు దారి చూపినవాడు. నీళ్ళు తగ్గీ తగ్గకముందే శ్రీహర్షను వెతకడానికి గుహలోకి దిగిన మనిషి. శరదృతువులో ఒకరోజు వీడియో కాల్‌లో మాట్లాడాడు. శ్రీహర్ష స్నేహితుడొకడు రష్యన్‌ని ఇంగ్లీషులోకి మార్చి చెబుతుంటే, ఈ ఇంట్లో అందరూ ఇదే బల్ల చుట్టూ కూర్చుని విన్నారు. మా అన్న ఇది మా దేశమని చెప్పడానికి చనిపోయాడు, మీ అబ్బాయి మా నేల లోపల ఉన్నాడు, మీరెక్కడ ఏం రాసినా జార్జియా అని మాత్రం రాయకండి, అన్నాడతను. రాయనని వీరరాఘవులు చెప్పాడు.

"నాన్నా, సీరియస్లీ?" అనన్య లేచి నిలబడింది. "మీరేం యూఎన్ కాదు. ఇట్స్ జస్ట్ ఏ బాక్స్! మీరు ఆ బాక్స్ ఫిల్ చెయ్యకపోతే వదిన లైఫ్ మొత్తం హోల్డ్‌లో ఉంటుంది."

"తెలుసమ్మా."

"తెలిస్తే మరి?"

"క్లాసులో ఇలాంటి చోట్లకు పటంలో చుక్కల గీత వేయించేవాణ్ణి. వివాదంలో ఉంది అని పక్కన రాసుకోమని, తర్వాతి పాఠానికి వెళ్ళిపోయేవాణ్ణి. ఇక్కడ చుక్కల గీత పెట్టనివ్వరు."

చక్రధర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇంకో మాట చెబుతాను మాస్టారూ. ఈ సుఖూమి కాగితాన్ని మనకు ఇంగ్లీషులోకి మార్చిన ఆవిడ అక్కడే పుట్టిన జార్జియన్. యుద్ధంలో చిన్నపిల్లగా వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని కొండలు దాటి వచ్చేసిందట. మళ్ళీ ఇంటి ముఖం చూడలేదు. ఈ ఆఫీసు మా బడి వీధిలోనే ఉండేది అంది. వేరే దేశం పేరు రాసి ఆవిడకి చూపించగలరా?"

"చూపించలేను."

"మరి?"

"అతనికీ చెప్పలేను, ఆవిడకీ చెప్పలేను. అందుకే కలం కదలడం లేదు చక్రధర్ గారూ."

"బాగుంది," అంది సీతాదేవి. "ఊరు తేలేదాకా వాడు పోయినట్టు కాదుగా. తేలనివ్వండి."

ఆ గొంతులో ఎగతాళి లేదు. నిజంగానే అది ఆమెకు బాగుంది.

చక్రధర్‌ని సాగనంపడానికి తేజశ్రీ కారు దాకా వెళ్ళింది. కోటు వేసుకోకుండా వచ్చినందుకు అతను కోప్పడ్డాడు. తర్వాత ఇంటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"లోపల అనలేదు గాని, కోర్టు సంగతి ఎటైనా కానీ, నీ ఇమ్మిగ్రేషన్ వాళ్ళకు నువ్వు చెప్పక తప్పదు. నీ స్పాన్సర్ లేడు. అది నీకు తెలుసు. తెలిసీ ఊరుకుంటే అబద్ధం చెప్పినట్టే లెక్క. పైగా అతను పోయాడని కోర్టులో ప్రమాణం చేసి, ఇక్కడ చెప్పకుండా ఉండటం కుదరదు."

తేజశ్రీ కెనడా పడమటి తీరాన బర్నబీకి చదువుకోవడానికి వచ్చినప్పుడు పరిచయమైనవాడు శ్రీహర్ష. స్టడీ పర్మిట్ అయిపోయాక పెళ్ళి, ఆ తర్వాత ఆమె ఇక్కడే స్థిరపడేందుకు భర్తగా అతని స్పాన్సర్‌షిప్. ఆ ఫైలు ఇంకా నడుస్తూనే ఉంది. ఇప్పుడు ఆమె చేస్తున్న ఉద్యోగం దాని మీద వచ్చిన వర్క్ పర్మిట్‌తోనే.

"చెబితే ఏమవుతుంది అంకుల్?"

"ఆ ఫైలు మూసేస్తారు. హ్యుమానిటేరియన్ గ్రౌండ్స్ అని, మానవతా కారణాల మీద కొత్తగా అప్లై చేద్దాం. ఇస్తారో లేదో నేను చెప్పలేను."

"చెప్పకపోతే?"

"ఎన్నాళ్ళమ్మా?"

ఆమె చలికి చేతులు చంకల్లో దోపుకుని నిలబడింది.

"అంకుల్, ఆయన కాగితంలో బతికుంటేనే నేనిక్కడ ఉండగలను. పోయారంటే నేను వెళ్ళిపోవాలి. ఈ ఇంట్లో ఉన్నంతసేపూ ఆయన గురించి ఏడవకూడదు. నేను ఎక్కడికెళ్ళి ఏడవాలి?"

చక్రధర్ కారు తలుపు తెరిచాడు. "సోమవారం రా అమ్మా," అని కారెక్కాడు.

తేజశ్రీ లోపలికి వచ్చేసరికి సీతాదేవి వంటగదిలో దొండకాయలు తరుగుతోంది.

"ఏమన్నాడు బయట?"

"సోమవారం రమ్మన్నారు."

"అంతే అయితే ఇంతసేపెందుకు?"

తేజశ్రీ ఎదురుగా కూర్చుంది. దాచిపెట్టడానికి ఓపిక లేక అంతా చెప్పేసింది. స్పాన్సర్‌షిప్ సంగతీ, ఫైలు పోతుందన్న సంగతీ. సీతాదేవి చాకు ఆపకుండా వింది. ఆ ముఖంలో ఆశ్చర్యం కనిపించలేదు.

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"అనన్య చెప్పింది. శీతాకాలం మొదట్లోనే."

చాకు చప్పుడు సాగుతూనే ఉంది.

"అందుకే చెబుతున్నాను, విను. సోమవారం నువ్వు పోయాడని ప్రమాణం చేస్తే చెయ్యి. నేను అడ్డురాను. నేను మాత్రం లేదు, ఉన్నాడంటాను. తల్లి ఒకటంటుంది, పెళ్ళాం ఒకటంటుంది. కేసు సాగుతుంది. సాగినన్నాళ్ళూ నిన్ను ఇక్కణ్ణించి ఎవరు పంపిస్తారు?"

తేజశ్రీ అత్తగారి ముఖంలోకి తేరిపార చూసింది. ఇన్నాళ్ళూ పిచ్చి ఆశ అనుకున్నదాని లోపల ఇంత లెక్క ఉందని ఆమె ఊహించలేదు.

"అలా కుదరదుట అత్తయ్యా. కోర్టు ఏమన్నా, నాకు తెలిసింది నేను చెప్పాలిట."

"నీకేం తెలుసు? నువ్వు చూశావా?"

"లేదు."

"గవర్నమెంటు పోయాడంటోందా? లేదు. కన్నతల్లి అంటోందా? లేదు. నువ్వొక్కదానివే అంటావా?"

తేజశ్రీ బల్ల మీది దొండకాయ ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఔనత్తయ్యా," అంది. "నేనొక్కదాన్నే."

సీతాదేవి చేయి ఆగిపోయింది.

"అత్తయ్యా, మీకు నిజంగా ఆయన ఉన్నారనే అనిపిస్తోందా?"

సీతాదేవి తరిగిన ముక్కలు గిన్నెలోకి తోసింది. ఒకటి జారి కింద పడితే వంగి తీసి, కడిగి, మళ్ళీ అందులోనే వేసింది.

"పొద్దున అనిపిస్తుంది," అంది. "సాయంత్రానికి అనిపించదు. మళ్ళీ పొద్దున అవుతుందిగా."

"నాకు ఏడవాలని ఉంది అత్తయ్యా."

"ఏడు. ఎవరొద్దన్నారు?"

"మీరే."

కుళాయి సరిగ్గా కట్టలేదు. సన్నగా ధార పడుతున్నా ఎవరూ లేవలేదు.

"నువ్వు కూడా ఏడిస్తే," అంది సీతాదేవి చివరికి, "వాడు ఉన్నాడనుకునేదాన్ని ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగులుతాను. నువ్వు వెళ్ళిపోతే వాడి గురించి కొట్లాడుకోవడానికి కూడా మనిషి ఉండదు. ఇద్దరూ ఒకేసారి పోతే నేనేమైపోవాలే?"

తేజశ్రీ చెయ్యి చాపింది. సీతాదేవి ఆ చేతిని పట్టుకోలేదు, తోసెయ్యనూ లేదు. చేతులు తడిగా ఉన్నాయంటూ కొంగుకు తుడుచుకుంది, తుడుచుకుంటూనే ఉండిపోయింది.

అవతలి గదిలోంచి వీరరాఘవులు పిలిచాడు.

"తేజా, ఒకసారి ఇలా రామ్మా."

ఆయన కాగితాలు దొంతరగా సర్ది, పైన కలం పెట్టి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. బడిలో పిల్లల జవాబు పత్రాలు తిరిగి ఇచ్చేటప్పుడు అలా నిలబడేవాడేమో.

"నేను రాయలేనమ్మా. రాస్తే అతనికిచ్చిన మాట తప్పుతాను. రాయకపోతే నీ బతుకు ఆగిపోతుంది. చక్రధర్‌కి ఇప్పుడే ఫోన్ చేశాను. అర్జీ తండ్రే వేయనక్కర్లేదట, భార్య వేసినా చాలట. నీ పేరున మారుస్తామన్నాడు."

"నన్ను రాయమంటున్నారా మావయ్యగారూ?"

"నువ్వు అతనికి మాట ఇవ్వలేదు."

"నేనూ ఇక్కడే ఉన్నానుగా ఆ రోజు. మీ పక్కనే కూర్చున్నాను. అతను నా వైపు చూసే అడిగాడు."

వీరరాఘవులు తల దించుకున్నాడు. ఆయన మరచిపోలేదు. ఆమె మరచిపోయి ఉంటుందనుకున్నాడు.

"దట్స్ నాట్ ఫెయిర్ నాన్నా," అంది అనన్య మెట్ల మీదనుంచి. ఈసారి ఆ పిల్ల గొంతు వణికింది. "మీరు చెయ్యలేనిది వదిన మీద పెడుతున్నారు."

"ఔనమ్మా," అన్నాడాయన. "అదే చేస్తున్నాను. వేరే దారి నాకు కనబడలేదు."

వంటగది గుమ్మంలో సీతాదేవి వచ్చి నిలబడింది. భర్తనూ కోడలినీ మార్చి మార్చి చూసింది. కాగితం ఎవరి చేతిలో ఉండబోతోందో ఆమెకు అర్థమైంది.

"రాయి," అంది కోడలితో, చాలా మామూలుగా. "రాస్తే ఏ ఊరి పేరు రాస్తావో నేనూ చూస్తాను. సోమవారం నేనూ వస్తాను. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు, నేను చెప్పాల్సింది నేను చెబుతాను."

తేజశ్రీ బల్ల ముందు కూర్చుంది. కలం తీసి పట్టుకుంది. ఆ గడిలో రెండు మాటల్లో ఏదో ఒకటే పడుతుంది. ఏది రాసినా దాని ముందున్న మాట మాత్రం మారదు. మరణించిన అన్న మాట అక్కడ ముందే అచ్చు వేసి ఉంది.

ముగ్గురూ ఆమె చేతినే చూస్తున్నారు.

వెలుతురు తగ్గి అనన్య దీపం వేసే వేళకు కూడా ఆ గడిలో ఏమీ లేదు. అఫిడవిట్ మీద ఎవరూ సంతకం చేయలేదు. ఇమ్మిగ్రేషన్ వాళ్ళకు ఎవరూ ఏమీ చెప్పలేదు. శ్రీహర్షకు ఇంతవరకు ఎవరూ తర్పణం వదల్లేదు.